ఉపన్యాసం విన్నాం... మరి మారామా?



ప్రతి ఏటా వార్షికోత్సవం నాడు మన వసతి గృహం ఆవరణలో షామియానా వేస్తాం. వేపచెట్టు మొదట్లో సౌండు బాక్సులు పెడతాం. పొద్దున ఆటల పోటీల బహుమతులు, మధ్యాహ్నం కోడికూర భోజనం, సాయంత్రం పాటలు, ఏకపాత్రాభినయాలు. వీటి నడుమ ముఖ్య అతిథి గారి ప్రసంగం ఉండి తీరవలసిందే. ఒక ఏడు అధికారి వస్తారు, ఒక ఏడు అధ్యాపకులు, మరో ఏడు వ్యక్తిత్వ వికాస నిపుణులు. తాము పడ్డ కష్టాలు చెబుతారు, ఎక్కిన మెట్లు చెబుతారు, మీరూ సాధించగలరని అంటారు. పిల్లలు చప్పట్లు కొడతారు. మేమూ ఒకప్పుడు అదే జంపఖానా మీద కూర్చుని అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టినవాళ్ళమే.

ఇప్పుడు ఆ అతిథులను పిలిచే పని పూర్వ విద్యార్థుల సంఘంగా మా మీద పడింది. కారు బాడుగ, శాలువా, మెమెంటో, ఫ్లెక్సీ, అన్నీ కలిపి చూసుకుంటే ఆ డబ్బుతో పదో తరగతి తమ్ముళ్ళకు మాదిరి ప్రశ్నపత్రాల పుస్తకాలు కొనవచ్చు. అయినా ఏటా పిలుస్తూనే ఉన్నాం. ఆ ప్రసంగం వల్ల ఎవరికి ఏమి మేలు జరిగిందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ ప్రశ్న మా చేత అడిగించినవాడు ఒక తమ్ముడు. కొన్నేళ్ళ కిందట వచ్చిన అతిథి మేము విన్న వక్తలందరిలోకీ గొప్పవారు. ఆయన తన తల్లి గురించి చెబుతుంటే వంట మనిషి కూడా గరిట పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చివర్లో ఆయన "కలెక్టర్ అయ్యేది ఎవరు? లేచి నిలబడండి" అన్నారు. మొదట లేచినవాడు పదో తరగతి చదువుతున్న ఆ తమ్ముడు. అభిప్రాయాలు రాయమని కాగితాలు పంచితే అందరూ రెండు ముక్కలు రాసి ఇచ్చారు, వాడు మాత్రం రెండు వైపులా నింపాడు. అందులో నాలుగు వాక్యాలు ఏరి మరుసటి సంచికలో అచ్చు వేశాం.

ఆ సంచిక అచ్చయి వచ్చే నాటికి వాడు హాస్టల్లో లేడు. సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మన పడమటి మండలాల సంగతి మీకు తెలియనిది కాదు. వానలు పోయిన ఏడు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. వాడూ అమ్మానాన్నలతో పోయాడు. హాల్ టికెట్ వచ్చి బడిలోనే ఉండిపోయింది. పరీక్షలు అయిపోయాక ఊళ్ళో కనిపిస్తే, ఆ సార్ చెప్పిందంతా మరిచిపోయావా అని కొంచెం కోపంగానే అడిగాం. "మరిచిపోలేదన్నా. ఇప్పుడు చెప్పమన్నా మొత్తం చెప్తాను. అప్పు ఉంటే ఏం చెయ్యాలో సార్ చెప్పలేదు గదా" అన్నాడు. పరీక్షల రోజుల్లో మాత్రం వచ్చి రాసిపోవచ్చని గానీ, తప్పితే సప్లిమెంటరీ ఉంటుందని గానీ వాడికి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఆ వేసవిలో ఫీజు కట్టి సప్లిమెంటరీ రాయించాం. పాసయ్యాడు. ఈ సంగతి రాసుకోండి గానీ పేరు వేయవద్దన్నాడు, అందుకని వేయడం లేదు.

అప్పటి నుంచి మాలో కొందరం ఈ విషయం మీద దొరికినవి దొరికినట్టు చదువుతున్నాం. ప్రసంగాల ఫలితాన్ని కొలిచినవాళ్ళు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. వారు కనుక్కున్నవి మన హాస్టల్‌కు పనికివస్తాయని తోచి ఈ వ్యాసం రాస్తున్నాం.

చప్పట్లను నమ్మవచ్చా?

అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆచార్యుడు 1959లో శిక్షణ తరగతుల ఫలితాన్ని అంచనా వేసే పద్ధతి గురించి వరుసగా వ్యాసాలు రాశారు. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఆయన లెక్కలో నాలుగు మెట్లు ఉన్నాయి. విన్నవారికి నచ్చిందా అన్నది మొదటిది. ఏమైనా నేర్చుకున్నారా అన్నది రెండోది. తరువాత వారి నడవడిక మారిందా అన్నది మూడోది. ఆ మార్పు వల్ల చివరికి ఏమి ఫలితం వచ్చింది అన్నది నాలుగోది. మనం ఏటా కొలుస్తున్నది మొదటి మెట్టును మాత్రమే. అది కూడా ఎలా కొలుస్తున్నామో చూడండి. అతిథి గారు ఇంకా భోజనం చేస్తుండగానే, వార్డెన్ గారు పక్కన నిలబడి ఉండగా, పేరు, తరగతి రాయించి మరీ అభిప్రాయం అడుగుతున్నాం. ఏ పిల్లవాడు బాగాలేదని రాస్తాడు?

పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఈ మొదటి మెట్టు దగ్గర బోల్తా పడ్డారు. 1970లో కాలిఫోర్నియాలో ఒక తమాషా ప్రయోగం జరిగింది. మైకేల్ ఫాక్స్ అనే నటుడిని 'డాక్టర్ ఫాక్స్' అనే పెద్ద పండితుడిగా పరిచయం చేశారు. వైద్య విద్యకు గణితంలోని ఆటల సిద్ధాంతం ఎలా వర్తిస్తుంది అన్నది ఆయన ప్రసంగ విషయం. ఆయనకు ఆ విషయం ఒక్క ముక్క తెలియదు. ఒకదానికొకటి పొసగని మాటలు, అర్థం లేని పదాలు, మధ్య మధ్య హాస్యం కలిపి, హుషారుగా, ఆత్మవిశ్వాసంతో మాట్లాడమని ముందే తర్ఫీదు ఇచ్చారు. విన్నవారు మనోవైద్యులు, అధ్యాపకులు, విద్యాధికారులు. కొందరు నేరుగా విన్నారు, కొందరు వీడియో టేపులో చూశారు, మొత్తం 55 మంది. వారిలో ఎక్కువ మంది ప్రసంగం బాగుందని, ఆలోచింపజేసిందని రాసిచ్చారు. ఈ వివరాలు 1973లో అచ్చయ్యాయి. డాక్టర్లే ఆ విధంగా రాస్తే మన ఎనిమిదో తరగతి తమ్ముళ్ళు 'సూపర్ సార్' అని రాయడంలో వింత లేదు.

నచ్చడం వేరు, నేర్చుకోవడం వేరు. నేర్చుకోవడం వేరు, చేయడం వేరు. ఈ చివరి రెంటి మధ్య ఉన్న దూరాన్ని చూపే ఒక పాత పరిశోధన మమ్మల్ని బాగా ఆకట్టుకుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ లెవెంతాల్, ఆయన సహచరులు కలిసి చేసిన ఆ పని 1965లో వెలువడింది. విద్యార్థుల చేత ధనుర్వాతం టీకా వేయించడం వారి ఉద్దేశం. టీకా ఎందుకు వేయించుకోవాలో చెప్పే చిన్న పుస్తకాలు పంచారు. కొన్ని పుస్తకాల్లో ధనుర్వాతం వచ్చినవారి గురించి ఒళ్ళు జలదరించేలా రాశారు, కొన్నింటిలో మామూలుగా రాశారు. ఎక్కువ భయపెట్టిన పుస్తకాలు చదివినవారు టీకా చాలా ముఖ్యమని గట్టిగా చెప్పారు. చెప్పడం వరకే. వెళ్ళి వేయించుకున్నవారి లెక్క తీస్తే భయం పాళ్ళు హెచ్చినా తగ్గినా పెద్ద తేడా లేదు. తేడా వచ్చింది మరొక చోట. కొందరికి పుస్తకంతో పాటు కళాశాల ఆవరణ పటం ఇచ్చి, ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో గుర్తు పెట్టి, మీ తరగతుల మధ్య ఏ సమయంలో అటు వెళ్ళగలరో చూసుకోండి అన్నారు. ఆ పటం అందినవారిలో నూటికి 28 మంది టీకా వేయించుకున్నారు. అందనివారిలో నూటికి 3. ఆ ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో పై తరగతుల వాళ్ళకు అప్పటికే తెలుసు, అయినా తేడా అంత వచ్చింది.

మన వార్షికోత్సవాల్లో పటం ఇచ్చిన వక్త మాకు ఒక్కరూ గుర్తు లేరు. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌కు పాలిసెట్ అనే పరీక్ష రాయాలని, ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారని, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తెచ్చిపెట్టుకోవాలని చెప్పినవారూ తక్కువే. అది వారి తప్పు కాదు. అలాంటివి చెప్పండని మేము అడగలేదు. వారు ఆశయం గురించి మాట్లాడితేనే మాకూ బాగుండేది.

పోలిక లేనిదే లెక్క లేదు

ఇక్కడ ఒక అన్నయ్య మాతో వాదించాడు. "మేము చదివేటప్పుడు క్వార్టర్లీలో మార్కులు తగ్గినవాళ్ళందరినీ నిలబెట్టి వార్డెన్ గారు గంటసేపు క్లాసు పీకారు. హాఫ్ ఇయర్లీలో చాలామందికి పెరిగాయి. ఇంతకంటే రుజువు కావాలా?" అన్నాడు.

కావాలి. ఒక పరీక్షలో మరీ తక్కువ వచ్చినవారిలో కొందరికి ఆ రోజు జ్వరం ఉండి ఉంటుంది, కొందరికి చదవని పాఠం వచ్చి ఉంటుంది. ఆ దురదృష్టం ప్రతిసారీ రాదు. కాబట్టి ఎవరూ ఏమీ చెప్పకపోయినా తరువాతి పరీక్షలో వారిలో చాలామందికి మార్కులు పెరుగుతాయి. అలాగే మొదటిసారి అదృష్టం కలిసివచ్చి పై వరుసలో నిలిచినవారిలో కొందరు కిందికి దిగుతారు. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన డేనియల్ కానెమన్ తన యౌవనంలో ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులకు ఈ సంగతే చెప్పవలసి వచ్చింది. బాగా నడిపినవాడిని పొగిడితే మరునాడు చెడగొడుతున్నాడు, తప్పు చేసినవాడిని తిడితే మరునాడు బాగా నడుపుతున్నాడు, కనుక తిట్టే మంచిదని ఒక శిక్షకుడు వాదించాడట. పొగిడినా తిట్టినా ఊరుకున్నా ఆ హెచ్చుతగ్గులు వచ్చేవేనని కానెమన్‌కు అప్పుడు తోచింది.

అందుకే ప్రసంగం విన్నవారిని వినని వారితో పోల్చాలి. ఇష్టమున్నవారు రండి అంటే చదువు మీద శ్రద్ధ ఉన్నవారే ముందు వరుసలో కూర్చుంటారు, వారికి ఎలాగూ మార్కులు వస్తాయి. కనుక ఎవరు వినాలో, ఎవరు తరువాత వినాలో చీటీలు తీసి తేల్చాలి. మందుల పరీక్షల్లో చేసేది ఇదే.

ఉగాండా రాజధాని కంపాలాలో ఎమ్మా రైలీ అనే పరిశోధకురాలు ఈ పద్ధతిని సినిమాతో చేసి చూశారు. మురికివాడలో పుట్టి చదరంగంలో పేరు తెచ్చుకున్న ఫియోనా ముతేసి కథతో 2016లో 'క్వీన్ ఆఫ్ కాట్వే' సినిమా వచ్చింది. జాతీయ పరీక్షలకు ముందు కొందరు విద్యార్థులకు ఆ సినిమా చూపించారు. మిగిలినవారిని ఊరికే వదిలేయలేదు, వారికీ సినిమా చూపించారు, కాకపోతే అది ప్రేరణతో సంబంధం లేని కల్పిత కథ. సినిమాకు వెళ్ళిన సంతోషం ఇద్దరికీ సమానం అయింది కాబట్టి, తరువాత వచ్చే తేడా ఫియోనా కథ వల్లే అని చెప్పవచ్చు. మన పదో తరగతికి సమానమైన తరగతిలో ఆ కథ చూసినవారికి లెక్కల్లో మార్కులు మెరుగుపడ్డాయి. ఆడపిల్లలకు, చదువులో వెనుకబడినవారికి ఎక్కువ మేలు జరిగింది. ప్రేరణ అంతా గాలి మాటలే అనేవారు ఈ ఫలితాన్ని గమనించాలి. పని చేసే ప్రేరణ ఉంది. ఏది పని చేస్తుందో ఏరుకోవడమే కష్టం.

చెప్పేది ఎవరు?

మడగాస్కర్ ద్వీపంలో ట్రాంగ్ గుయెన్ అనే పరిశోధకురాలు 640 ప్రాథమిక పాఠశాలల్లో చేసిన ప్రయోగాన్ని మన కమిటీ సమావేశంలో రెండుసార్లు చదివి వినిపించాం. కొన్ని బడుల్లో పిల్లలకు, తల్లిదండ్రులకు చదువు వల్ల సంపాదన ఎంత పెరుగుతుందో అంకెలతో చెప్పారు. మరికొన్ని బడులకు పైకి వచ్చిన వ్యక్తులను పిలిచి వారి కథ చెప్పించారు. ఆ వ్యక్తుల్లో కొందరు పేద ఇళ్ళలో పుట్టినవారు, కొందరు కలిగిన ఇళ్ళలో పుట్టినవారు. పేద ఇంటి నుంచి వచ్చిన వ్యక్తి మాట్లాడిన చోట పేద పిల్లల మార్కులు పెరిగాయి. కలిగిన ఇంటి వ్యక్తి మాట్లాడిన చోట పెరగలేదు. ఇక వట్టి అంకెలు చెప్పిన చోట కూడా మార్కులు, హాజరు పెరిగాయి! అంతవరకు చదువు విలువను తక్కువగా అంచనా వేసుకున్న కుటుంబాల పిల్లల్లో ఆ పెరుగుదల మరీ ఎక్కువ. శాలువా లేదు, కన్నీళ్ళు లేవు, టీచరు చదివి వినిపించిన నాలుగు అంకెలు, అంతే.

మన నుంచి వచ్చినవారు అనే మాట రాగానే మనకు మాలావత్ పూర్ణ గుర్తుకు వస్తుంది. 2014 మే 25న, రాష్ట్రం విడిపోవడానికి వారం ముందు, పదమూడేళ్ళ పూర్ణ, ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. ఆ వార్త వచ్చిన నాడు మన హాస్టల్లో జరిగిన సంబరం అప్పటి తమ్ముళ్ళకు ఇంకా గుర్తుంది. అయితే ఆ కథ చెప్పేటప్పుడు మనం శిఖరం దగ్గరే మొదలుపెడుతున్నాం. భువనగిరి గుట్ట మీద తాళ్ళు పట్టుకుని ఎక్కిన రోజులు, డార్జిలింగ్‌లో పర్వతారోహణ తరగతులు, లడఖ్ చలిలో సాధన, వీటికి ఖర్చు పెట్టిన ప్రభుత్వం, వెంట నడిచిన శిక్షకులు, ఇదంతా కథలోంచి జారిపోతోంది. గుండె ధైర్యం ఒక్కటే సరిపోయేట్టయితే ఆ నెలల శిక్షణ ఎందుకు?

డబ్బు సంగతి కూడా దాటవేయకూడదు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త డొమినికన్ రిపబ్లిక్ దేశంలో ఎనిమిదో తరగతి బాలురకు 2001లో ఇలాంటి సమాచారమే ఇప్పించారు. అది విన్నవారు తరువాతి నాలుగేళ్ళలో విననివారి కంటే సగటున 0.20 నుంచి 0.35 సంవత్సరం ఎక్కువ చదివారు. కొన్ని నిమిషాల మాటకు అది గొప్ప ఫలితమే. కానీ విడదీసి చూస్తే, మరీ పేద ఇళ్ళ పిల్లల్లో చదువు విలువ తెలిసినా చదువు పెరగలేదు. అది చదివినప్పుడు మిరప కోతకు పోయిన మన తమ్ముడి మాటే మా చెవుల్లో వినిపించింది. మాట చేయగల పని ఒకటి ఉంటుంది, ఫీజు చేయగల పని వేరే ఉంటుంది. రెండోదానికి బదులుగా మొదటిది వాడితే పిల్లవాడు తన మీద తానే నింద వేసుకుంటాడు. లేచి నిలబడి మాట ఇచ్చినవాడికి ఆ సిగ్గు ఎంత ఉంటుందో ఆలోచించండి. మన తమ్ముడు చాలా నెలలు హాస్టల్ వైపు రాకపోవడానికి అదే కారణమని తరువాత తెలిసింది.

భయం మందు కాదు

పొగిడితే పని కాదు, భయపెట్టాలి అనే పెద్దలు కొందరున్నారు. 'చదవకపోతే మట్టి మోయాల్సిందే' అనే ప్రసంగాలు మేమూ విన్నాం. మట్టి మోసి మమ్మల్ని పెంచినవాళ్ళ ముందే ఆ మాట అనేవారు, అది వేరే సంగతి. భయం గురించి తేలిన విషయం ఇది. అమెరికాలోని న్యూజెర్సీలో రావే జైలుకు దారి తప్పుతున్న పిల్లలను తీసుకువెళ్ళి, అక్కడి యావజ్జీవ ఖైదీల చేత జైలు బతుకు ఎంత ఘోరమో అరిచి చెప్పించేవారు. దాని మీద 1978లో తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. దేశమంతా ఆ పద్ధతిని మెచ్చుకుంది. జేమ్స్ ఫింకెనార్ అనే ఆచార్యుడు మాత్రం వెళ్ళిన పిల్లలను, వెళ్ళని పిల్లలను ఆరు నెలల తరువాత పోల్చి చూశారు. వెళ్ళినవారిలో నూటికి 41 మంది మళ్ళీ నేరం చేశారు. వెళ్ళనివారిలో నూటికి 11 మందే. తరువాత అలాంటి పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూసినవారికి కూడా మేలు కనిపించలేదు సరికదా కీడే కనిపించింది. చప్పట్లే కొలమానం అయితే ఆ కార్యక్రమానికి నూటికి నూరు మార్కులు పడేవి. ఒక ప్రసంగం పని చేయకపోతే పోయేదేముంది, వింటే నష్టమా అనుకునే మాకు ఇది కళ్ళు తెరిపించింది.

చెప్పే సమయం కూడా ముఖ్యం. ఫ్రాన్స్‌లో పారిస్ పరిసరాల్లోని 98 హైస్కూళ్ళకు మహిళా శాస్త్రవేత్తలు వెళ్ళి ఒక్కో తరగతితో గంటసేపు మాట్లాడారు. పై చదువు ఎంచుకునే అంచున ఉన్న చివరి తరగతి అమ్మాయిల్లో పోటీ ఎక్కువగా ఉండే సైన్స్ కోర్సుల్లో చేరినవారు నూటికి 11 నుంచి 14 దాటారు. అంతకు రెండేళ్ళు కింద ఉన్న తరగతి అమ్మాయిలు ఎంచుకున్న చదువుల్లో మార్పు కనిపించలేదు. మన వార్షికోత్సవం ఏమో ఫిబ్రవరిలో జరుగుతుంది. అప్పటికి రావలసినవాళ్ళు సంక్రాంతి తరువాత వచ్చేసి ఉంటారు, రానివాళ్ళు వినరు.

ఒక్క రోజు ప్రసంగం కంటే రోజూ కళ్ళ ముందు కనిపించే మనిషి ప్రభావం ఎక్కువ అనడానికి మన దేశంలోనే రుజువు ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూం జిల్లాలో 495 గ్రామాల్లో చేసిన పరిశోధన 2012లో వెలువడింది. రిజర్వేషన్ వల్ల రెండు దఫాలు మహిళలే ప్రధాన్‌లుగా ఉన్న గ్రామాల్లో, ఆడపిల్లల చదువు గురించి తల్లిదండ్రులు కనే కలలకు, మగపిల్లల గురించి కనే కలలకు మధ్య అంతరం తగ్గింది. చదువులోనూ ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా వచ్చారు. ఆ ప్రధాన్‌లు ఎవరికీ వ్యక్తిత్వ వికాసం బోధించలేదు. పంచాయతీ ఆఫీసుకు వచ్చి పోయారు, అంతే.

ఈ ఏడు మేము చేస్తున్నది

ఇవన్నీ చదివి కమిటీలో చాలాసేపు తగువులాడుకున్నాం. ప్రసంగం తీసేయాలని ఇద్దరు, అది లేనిదే వార్షికోత్సవం ఏమిటని మిగిలినవారు. చివరికి ముఖ్య అతిథి ప్రసంగాన్ని ఫిబ్రవరిలోనే ఉంచి, ఇరవై నిమిషాలకు కుదించాం. దానికి వేరుగా, సంక్రాంతి సెలవులకు ముందే పూర్వ విద్యార్థులతో పదో తరగతి తమ్ముళ్ళకు ఒక సాయంత్రం ఏర్పాటు చేస్తున్నాం. ఐ.టి.ఐ. చదివినవారు, నర్సింగ్ చేసినవారు, డిగ్రీ ఆపేసి మళ్ళీ మొదలుపెట్టినవారు వచ్చి మాట్లాడతారు. తప్పిన పరీక్షల గురించి కూడా చెప్పాలని షరతు పెట్టాం. చివర ప్రతి తమ్ముడూ ఒక కాగితం మీద సెలవుల తరువాత ఏ రోజు, ఏ బస్సుకు, ఎవరితో తిరిగి వస్తాడో రాస్తాడు. ఇంట్లో ఇబ్బంది ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కూడా ఆ కాగితం మీదే ఉంటుంది. అది మన యేల్ పటం అనుకోండి.

కొలిచే విషయానికి వస్తే, మాకు కొన్ని చిక్కులు ఎదురయ్యాయి. మన దగ్గర పదో తరగతివారు ఇరవై మంది. ఇద్దరు తిరిగి రాకపోతే నూటికి పది లెక్క మారిపోతుంది, అది ప్రసంగం గొప్పో, ఒకరికి ఆటలమ్మ పోసిందో చెప్పలేం. అందుచేత చుట్టుపక్కల వసతి గృహాల పూర్వ విద్యార్థులతో మాట్లాడుతున్నాం. ఒకే హాస్టల్లో సగం మందికి చెప్పి సగం మందికి దాచడం కుదరదు, రాత్రికి రాత్రి గదుల్లో అందరికీ పాకిపోతుంది, దాచడం న్యాయమూ కాదు. అందుకని హాస్టల్ మొత్తాన్ని ఒక లెక్కగా తీసుకుని, ఏ హాస్టళ్ళకు ఈ ఏడు, ఏ హాస్టళ్ళకు వచ్చే ఏడు అని చీటీలు తీద్దామని ఆలోచన. ఎవరికీ లేకుండా పోదు, మధ్యలో పోల్చుకోవడానికి ఒక సంవత్సరం దొరుకుతుంది. ఫోన్ నంబరున్న కాగితం మాత్రం ఈ ఏడే అన్ని హాస్టళ్ళకూ పంచుతాం. చీటీలు తీసేది ప్రసంగానికే.

అభిప్రాయ కాగితాలు ఆ రోజు పంచం. రెండు వారాల తరువాత పంచుతాం, పేరుకు బదులు ట్రంకు పెట్టె మీది నంబరు వేయిస్తాం, వార్డెన్ గారు ఆ సమయంలో బయట ఉండటానికి ఒప్పుకున్నారు. 'ప్రసంగం ఎలా ఉంది' అని అడగం. ఏమి గుర్తుంది, దాని తరువాత ఏమి చేశావు అని మాత్రమే అడుగుతాం. దరఖాస్తులు పెట్టినవారు ఎందరు, పరీక్ష రాసినవారు ఎందరు, జూలైకి ఏదో ఒక కోర్సులో ఉన్నవారు ఎందరు అన్న లెక్క వచ్చే సంచికలో వేస్తాం. తక్కువగా వచ్చినా వేస్తాం.

శాలువాలు, ఫ్లెక్సీ మానేసినందువల్ల మిగిలిన సొమ్ము కోశాధికారి దగ్గర విడిగా ఉంది. దారిఖర్చుకు, పరీక్ష ఫీజుకు అది. సెలవుల తరువాత హాస్టల్ తెరిచే ఉదయం గేటు దగ్గర కూర్చుని హాజరు రాయడానికి ముగ్గురు కావాలి. రానివారి ఊళ్ళకు ఆ సాయంత్రమే బయలుదేరడానికి మోటారు సైకిళ్ళున్నవారు ఇద్దరు కావాలి. వీలున్న పూర్వ విద్యార్థులు తమ పేర్లు కార్యదర్శి గారికి ముందుగా తెలియజేయగలరు.